ఆయుర్దాయం ఎవరి చలవ?

విశాఖపట్టణం సముద్రతీరాన, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు ఎదురుగా, నాలుగు ఇంజన్లు గల భారీ విమానం ఒకటి నిలిచి ఉన్నది. పేరు టుపొలెవ్-142. రెక్కల పొడవు సుమారు 50 మీటర్లు. చార్మినార్ నీడలో పెరిగి, సముద్రాన్ని సెలవులలో మాత్రమే చూచే మాబోటి వారికి అది ఒక వింతయే. అయినను మేమిక్కడ చెప్పదలచినది దాని ఆకారాన్ని గూర్చి కాదు, ఆయుర్దాయాన్ని గూర్చి.

1988లో సోవియట్ దేశం నుండి మన నౌకాదళానికి వచ్చిన ఈ రకం విమానాలు ఎనిమిది. మొదట గోవాలోను, 1992 నుండి తమిళనాడులోని అరక్కోణంలోను ఉండేవి. హిందూ మహాసముద్రంపై గంటల తరబడి ఎగురుతూ, శబ్దాన్ని పట్టే బోయాలను నీటిలోనికి జారవిడిచి, జలాంతర్గాముల అలికిడిని పసిగట్టడం వాటి పని. 2017 మార్చి 29న విరమించేనాటికి 29 ఏండ్లలో 30,000 గంటలు ఎగిరినవి. ఒక్క ప్రమాదం కూడ జరగలేదు.

రష్యా వారి ఇనుము గట్టిది గనుక అని కొందరు తేలికగా అంటారు. మేము అంగీకరించము. ఉప్పుగాలి ఏ లోహాన్నయినా తినివేస్తుంది. పైగా కొన్న మూడేండ్లకే, 1991లో, సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై విడిభాగాలు దొరకడమే కష్టమైనది.

బ్రిటిష్ వారి నిమ్రాడ్ విమానం కథ చూడండి. అదియును సముద్రంపై గస్తీ తిరిగేదే. 1969లో సేవలోనికి వచ్చినది. 2006 సెప్టెంబరు 2న ఆఫ్ఘనిస్తాన్‌లో, గాలిలోనే ఇంధనం నింపుకొన్న కొద్దిసేపటికి మంటలు రేగి ఒక నిమ్రాడ్ కూలిపోయినది. 14 మంది మరణించారు. కారిన ఇంధనం వేడి గొట్టాన్ని తాకి ఉంటుందని, అంతకుముందు జరిపిన భద్రతా పరిశీలన పేరుకు మాత్రమే జరిగినదని, అధికారుల దృష్టి ఖర్చు తగ్గింపుపై నిలిచినదని 2009లో విచారణ నివేదిక తేల్చినది. వయస్సు నేరం కాదు. చూడవలసిన వారు చూడకపోవడమే నేరం.

పాతదానిని ఎల్లకాలం ఎగురవేయమని మా వాదన కాదు. 2013 నుండి బోయింగ్ పి-8ఐ విమానాలు వచ్చినవి. వేళకు విరమింపజేయడం కూడ సంరక్షణలో భాగమే.

మా బాధ వేరు. పాతబస్తీలో మరమ్మతు విద్యకు కొదువ లేదు. గడియారమైనా, కుట్టుమిషనైనా, స్కూటరైనా శబ్దం విని రోగం చెప్పగల ఉస్తాదులున్నారు. వారి వద్ద చేతులకు నూనె పూసుకొని నేర్చుకొనే శాగిర్దులున్నారు. కాని ఇంటికి రిష్తా వచ్చినప్పుడు ‘ఇంజనీరు’ అంటే కలిగే గౌరవం ‘మెకానిక్’ అంటే కలగదు. (ఈ విషయంలో మన పెద్దలందరిది ఒకే మాట!) చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల మీదుగా బస్సులో వచ్చే మన విద్యార్థులు అందులో యంత్రాలు రూపొందించే ఉద్యోగం కలలు కంటారు. అది మంచిదే. ఆ యంత్రాలను ముప్పది ఏండ్లు నడిపించే ఉద్యోగాన్ని గూర్చి అడిగినవారు మాకింకా కనబడలేదు.

వచ్చే వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ప్రక్కన మన వీధి ఉస్తాదు ఒకరికి కుర్చీ వేయవలసినదిగా కళాశాల యాజమాన్యాన్ని కోరుతున్నాము.