తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది?

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులలో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినబడటం కొత్త కాదు. తెలంగాణ పల్లెల నుండి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఏనాడో స్థిరపడ్డాయి. కూలి చేతికి రాగానే ఊరిలోని తల్లి ఖాతాకు సెల్‌ఫోను ద్వారా డబ్బు పంపే నేతకార్మికునికి, అది ఏ దారిన పోతున్నదో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. తెలియవలసినది మనకు. ఆ దారిలో సర్వరు అనే యంత్రం ఉన్నది. దాని రక్షణ కంప్యూటరు విభాగం పని అని మనం తప్పుకొంటున్నాము. ఇది సరికాదని నా అభిప్రాయం.

2024 జూలై 31న ఏమి జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సి-ఎడ్జ్ టెక్నాలజీస్ సంస్థపై రాన్‌సమ్‌వేర్ దాడి జరిగిందన్న కారణంగా, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దానిని తన వ్యవస్థ నుండి తాత్కాలికంగా వేరు చేసింది. దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. మరునాడు సేవలు తిరిగి మొదలయ్యాయి. ఒక్కరోజే కదా అనవచ్చు. ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడినవానికి ఆ ఒక్కరోజు చిన్నది కాదు.

అంతకన్నా మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2022 జనవరిలో ఆ బ్యాంకు సర్వరులోకి చొరబడిన దుండగులు 12.48 కోట్ల రూపాయలు దోచుకొన్నారు. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, 2021 నవంబరులోనే ఉద్యోగులకు 200కు పైగా మోసపు ఈ-మెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. అంతే, వారి కంప్యూటర్లు పరుల అధీనమైనాయి. అక్కడి నుండి సర్వరుకు చేరడానికి అడ్డుగోడలు లేవు. సర్వాధికారాలు గల యూజర్లు కూడ అవసరానికి మించి ఉన్నారట. దోచిన సొమ్ము ముందు నాలుగు ఖాతాలలోకి, అటుపై 115 ఖాతాలలోకి, తరువాత 398 ఖాతాలలోకి పంపబడి, దేశమంతటా ఏ.టి.ఎం.ల ద్వారా బయటికి పోయింది. భద్రతా లోపాలకుగాను రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా విధించింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఫైర్‌వాల్ అంటే కాపలావాడు. ఏ యంత్రం నుండి ఏ ద్వారం గుండా సమాచారం రావచ్చునో ముందే నిర్ణయించి, తక్కినదంతా ఆపివేయడం దాని పని. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చడం. దారిలో ఎవరైన కాజేసినా చదువుకోలేరు. రెండూ అవసరమే. కాని ఉద్యోగి పేరుతో, ఉద్యోగి పాస్‌వర్డుతో వచ్చినవానిని అనుమతి ఉన్నవానిగానే కాపలావాడు లోనికి పంపుతాడు. గూఢలిపి కూడ అతని ముందు మామూలు అక్షరాలై విచ్చుకొంటుంది. యంత్రం దృష్టిలో అతడు దొంగ కాదు, మీరే. అందుచేత ఎవరికి ఎంతవరకు ప్రవేశం ఇవ్వాలన్న మూడవ అంశమే అన్నిటికన్న ముఖ్యమని నేనంటాను.

మన వృత్తికి ఇది కొత్త పాఠం కాదు. నగదు గదికి రెండు తాళంచెవులు, అవి ఇద్దరు అధికారుల వద్ద. ఒకరు చెక్కు నమోదు చేస్తే మరొకరు ఆమోదించాలి. ఇనుప తలుపు దగ్గర ఇంత నిష్ఠగా ఉండే మనం కంప్యూటరు ముందు కూర్చోగానే, "నా పాస్‌వర్డుతో కానివ్వండి, టీ తాగి వస్తాను" అంటాము. నేను పనిచేసిన ఒక శాఖలో బదిలీ అయిపోయిన అధికారి యూజర్ ఐ.డి. నాలుగు నెలలు సజీవంగా ఉన్నది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచి పని. అయితే పంట రుణాల పద్దు ఇనుప బీరువాలో నుండి ఎక్కడో ఉన్న సర్వరులోకి చేరినప్పుడు, దాని తలుపులలో ఒకటి ప్రతి సంఘం బల్ల మీదికీ వస్తుంది. సూరత్ జిల్లాలో ఒక సంఘానికి వెళ్ళినప్పుడు, గోడ మీది క్యాలెండరు అంచున పాస్‌వర్డు రాసి ఉండటం చూశాను. కార్యదర్శిని మందలించబోతే ఆయన నన్నే నిలదీశాడు. "నేను ఎరువుల గోదాములో ఉన్నప్పుడు రైతు వస్తే, రేపు రమ్మనమంటారా సాహెబ్? గుమాస్తాకు వేరే ఐ.డి. ఎవరిచ్చారు?"

ఆయన అడిగినదానిలో న్యాయం ఉన్నది. ఇద్దరు చేసే పనికి ఒక్క ఐ.డి. ఇచ్చి, పంచుకోవద్దని సర్క్యులర్ పంపితే అది కాగితంగానే మిగులుతుంది. గుమాస్తాకు నమోదు మాత్రమే చేయగల ఐ.డి., కార్యదర్శికి ఆమోదించే ఐ.డి. ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. ఆ రోజు ఆయన బల్ల మీదనే దరఖాస్తు రాయించి, సంతకం తీసుకొని వచ్చాను. పాస్‌వర్డు మార్పించాను. క్యాలెండరు మాత్రం ఆయన తీయనివ్వలేదు. చెరుకు నరికే తేదీలన్నీ దాని మీదే ఉన్నాయట.