పక్క ట్యాబులో ఏముందో!

ల్యాండ్‌లైన్ రోజుల్లో చాలా ఇళ్లలో ఓ టెలిఫోన్ డైరీ ఉండేది, గుర్తుందా? దాని అంచు ఎ, బి, సి అంటూ మెట్లు మెట్లుగా కత్తిరించి ఉండేది. సుబ్బారావు మామయ్య నంబరు కావాలంటే ‘ఎస్’ దగ్గర వేలు పెట్టి తెరిస్తే చాలు. కంప్యూటర్ తెరమీది ట్యాబులూ అలాంటివే. విండోస్ 95లో సెట్టింగుల పెట్టెల నిండా అవే ఉండేవి. 2004లో ఫైర్‌ఫాక్స్, 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 వచ్చాక నెట్ చూసే అందరికీ అలవాటైపోయాయి.

ప్రోగ్రాములు రాసేవాళ్లకి ట్యాబులంటే మహా ఇష్టం. ముప్ఫై గడులున్న పేద్ద ఫారాన్ని మూడు ట్యాబుల్లో సర్దేస్తే తెర ఎంత పొందికగా ఉంటుందో! నేనూ అలాగే సర్దాను. కొన్నేళ్ల కిందట తెలిసిన డాక్టరుగారి క్లినిక్కుకి ఓ ప్రోగ్రాం రాసిచ్చాను. పేరు, ఊరు ఒక ట్యాబులో, పాత జబ్బులు రెండో దాంట్లో, రాసే మందులు మూడో దాంట్లో. పడని మందుల గడి రెండో ట్యాబులో అట్టడుగున పెట్టాను.

ఓ రోజు ఆయన మందులు టైపు చేస్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, “పెన్సిలిన్ నాకు పడదని పోయినసారే చెప్పాను కదా బాబూ!” అందట. ఆ సంగతి కంప్యూటర్లో భద్రంగానే ఉంది. కాకపోతే ఆయన చూస్తున్న ట్యాబులో లేదు. ఆవిడ నోరు విప్పబట్టి సరిపోయింది. సాయంత్రం ఆయన ఫోన్ చేసి, “బాగానే దాచావయ్యా, నాకు కనపడేలా పెట్టు” అన్నారు. ఆ రాత్రే ఆ గడిని ట్యాబుల బయటికి, అన్నింటికంటే పైకి, ఎర్ర అక్షరాల్లోకి మార్చాను.

మీ ఇంట్లో పిల్లలెవరైనా విండోస్ ఫారమ్స్‌లో కాలేజీ ప్రాజెక్టు చేస్తుంటే ఈ నాలుగు మాటలూ చెప్పండి.

* పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిన వాటిని వేరువేరు ట్యాబుల్లో పెట్టొద్దు. ఒకటి చూసి ఇంకోటి గుర్తుపెట్టుకోవడం వాడేవాళ్లకు శిక్ష.

* ‘సేవ్’, ‘క్యాన్సిల్’ బటన్లు ట్యాబుల బయటే ఉండాలి. లోపలుంటే ఆ ఒక్క పేజీయే సేవ్ అవుతుందేమోనని అనుమానం.

* తప్పు పక్క ట్యాబులో ఉంటే ‘ఫోన్ నంబరు సరిగా లేదు’ అని చెప్పి ఊరుకోవద్దు. వాడేవాళ్లను అక్కడికి తీసుకెళ్లాలి. కనపడని గడికి నేరుగా ‘ఫోకస్’ ఇస్తే పనిచెయ్యదు. ముందు ‘సెలెక్టెడ్‌ట్యాబ్’‌తో ఆ పేజీ తెరిచి, తర్వాత ఫోకస్ ఇవ్వాలి.

* ఒక్కసారీ తెరవని ట్యాబులో, డేటాకు ముడిపెట్టిన గడులు ఖాళీగానే ఉండొచ్చు. పేజీ మొదటిసారి కనిపించినప్పుడే అవి నిండుతాయి. సేవ్ చేసేటప్పుడు గడుల్లోంచి చదివితే పాత వివరాల మీద ఖాళీ రాసేసే ప్రమాదముంది. అసలు డేటాలోంచే తీసుకోవాలి.

ట్యాబులు మరీ ఎక్కువై రెండు వరసలైతే ఇంకో తంటా. వెనక వరసలోది నొక్కగానే ఆ వరసంతా ముందుకొచ్చేస్తుంది. ఇప్పటిదాకా ఇక్కడున్నది ఎటు పోయిందా అని వెతుక్కోవాలి.

అలాగని ట్యాబులు చెడ్డవని కాదు. సంక్రాంతికి మాత్రమే దించే గంగాళాన్ని అటక మీద పెడతాం. ఉప్పు డబ్బాని మాత్రం పొయ్యి పక్కనే ఉంచుకుంటాం. ఏది గంగాళమో, ఏది ఉప్పు డబ్బానో ప్రోగ్రాం రాసేముందు వంట చేసేవాళ్లని అడగాలి. నేను డాక్టరుగారిని అడగలేదు. అదీ జరిగిన పొరపాటు.