రాయి మీద లేని ఇంటిపేరు

పోయిన ఆదివారం మేము నలుగురం మా ముత్తాత సమాధి వెతుక్కుంటూ తాయిల్‌పట్టి పక్కన ఉండే వల్లకాటికి పోయినాము. పొద్దున ఏడు గంటలకు దిగి, సర్కారు తుమ్మ ముళ్లు పక్కకు తోసుకుంటూ మధ్యాహ్నం దాకా తిరిగినాము. దొరికింది మూడు రాళ్లు. మూడింటి మీదా రామసామి నాయకరే!

తాత పేరు మనవడికి పెట్టే వాడుక మనది. అందుకే ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. పేరు ముందు ఉండే అక్షరం ఆంధ్రాలో అయితే ఇంటిపేరుది. తమిళనాట మనం రాసేది తండ్రి పేరులో మొదటి అక్షరం. దాన్ని పట్టుకొని పోతే ఒక్క తరంతో దారి ఆగిపోతుంది. ఇది చాలదని ఒక రాయి మీద సంవత్సరం ‘శుభకృతు’ అని మాత్రమే ఉంది. శుభకృతు 1902లో వచ్చింది, మళ్లీ 1962లోనూ వచ్చింది. అదే మా ముత్తాతది అనుకొని పూలు పెట్టి, ఫోటో తీసుకొని వచ్చినాము.

ఇంటికొచ్చి మా పెద్దమ్మకు చూపించినాము. ఆమెకు ఎనభై దాటింది. అరుగు మీద నుంచి లేవకుండానే చెప్పింది: “అది మీ ముత్తాతది కాదు రా, చిన్నతాతది. ఆ ఏడు నేను నిండు చూలాలిని, చావింటికి పోగూడదని నన్ను ఇంట్లోనే ఉంచినారు.” అక్కడితో ఆగలేదు. ఇంటిపేరు, కులదేవత గుడి, ముత్తవ్వ ఏ ఊరి ఆడబిడ్డ, అన్నీ వరసగా చెప్పింది. ముత్తవ్వకు రాయే లేదు. కాల్చినవాళ్లలో చాలామందికీ లేదు.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మన తెలుగింటివాడే. మనవాళ్లు దక్షిణానికి వచ్చిన కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలలో ఒక ముసలవ్వ నోట చెప్పించినారు. ఊరికే చెప్పించలేదు.

సంఘంలో ఇప్పుడు వల్లకాడు చదును చేసి చుట్టూ గోడ కట్టాలని మాట నడుస్తోంది. కట్టండి, మేమూ చందా ఇస్తాము. కానీ జేసీబీ దిగే ముందు ప్రతి రాయికీ ఫోటో తీయాలి, ఆ ఫోటోలు పెద్దవాళ్లకు చూపించి వాళ్లు చెప్పింది రాసుకోవాలి. గోడ ఆరు నెలలు ఆలస్యమైనా పరవాలేదు. కొత్తగా నాటే రాయి మీద ఇంటిపేరు వేయండి, ఆడవాళ్ల పుట్టింటి ఊరూ వేయండి. తమిళంలో రాసినా సరే.

వచ్చే ఆదివారం మేము మళ్లీ పోతున్నాము. ఈసారి పెద్దమ్మను కారులో కూర్చోబెట్టుకొని పోతాము.