చెప్పిందొకటి, రాసుకున్నదొకటి

మాట ఉన్నది దేనికి? నా కడుపులో ఉన్నది నీకు తెలియడానికి. అందుకు చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఆ మాటకు ఒకే అర్థం చెప్పుకోవాలి. వాడలో మనలో మనకు ఈ ఇబ్బంది లేదు. పోలీసు స్టేషన్ మెట్లెక్కినప్పుడే వస్తుంది. మనం చెప్పేది ఒక భాష, కాగితం మీద పడేది ఇంకో భాష.

ఒక అక్క పోయి, "బోరింగు కాడ నలుగురూ చూస్తుండగా నన్ను కులం పేరు పెట్టి తిట్టి, జుట్టు పట్టి ఈడ్చాడు" అని చెప్పిందనుకుందాం. "నీళ్ల విషయమై ఇరువురి మధ్య వాగ్వాదం జరిగినది, ఫిర్యాదిదారు స్వల్పంగా గాయపడినది" అని రాస్తే ఏం పోయింది? కులం పోయింది. చూసిన నలుగురూ పోయారు. ఈడ్చినవాడు కూడా పోయాడు! 'గాయపడినది' అంటే కొట్టినవాడు కనపడడు. 'వాగ్వాదం' అంటే తప్పు ఇద్దరిదీ. 'ఘర్షణ' కూడా అలాంటిదే. 1985లో కారంచేడులో ఆరుగురిని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అలాంటి హత్యలను ఘర్షణ అంటే చచ్చినవాడికీ చంపినవాడికీ నేరం చెరిసగం పంచినట్టే.

ఇది ఉత్త మాటల తగాదా కాదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద, కులం పేరుతో తిట్టిన కేసు నిలబడాలంటే అది పదిమందికి కనపడే చోట జరిగి ఉండాలి. కోర్టు ఆ సంగతి కాగితంలో వెతుకుతుంది. మొదటి కాగితంలో లేనిది తర్వాత చెబితే, కల్పించి చెబుతున్నారంటాడు అవతలి వకీలు.

కొందరు, "ఆ బూతులు కాగితం మీద ఎందుకు, బాగుండదు" అంటారు. అన్నవాడికి లేని సిగ్గు పడినవాళ్లకెందుకు? అన్న మాట అన్నట్టే రాయాలి.

చట్టం కూడా మనవైపే ఉంది. నోటితో చెప్పింది రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్పేది ఇదే. చదివి వినిపించడం, నకలు ఇవ్వడం అధికారి విధులని 2016 జనవరి నుంచి అత్యాచారాల చట్టం 4వ సెక్షన్‌లో కూడా చేర్చారు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ విధులను నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు.

సంఘం పనిచేసే తమ్ముళ్లకూ ఒక మాట. 'అగ్రకుల దురహంకార దాడి' అని కరపత్రంలో రాయండి, తప్పులేదు. ఫిర్యాదులో మాత్రం ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎవరెవరు చూస్తుండగా, ఏమని తిట్టారో, ఏం చేశారో దెబ్బతిన్నవాళ్ల నోటిమాటతోనే రాయండి. రాసింది చదివి వినిపించండి. "ఆఁ, నేను చెప్పింది ఇదే" అన్నాకే సంతకమైనా, వేలిముద్రయినా.