ఉప్పుగాలి ఊళ్ళో పాత కారు

ఓడను కొనదలచినవాడు పైన వేసిన రంగు చూచి బేరమాడడు. దాన్ని డ్రై డాకులోకి చేర్పించి, నీళ్ళు తోడించి, అడుగు భాగం చూస్తాడు. రేవునూ షిప్‌యార్డునూ రోజూ చూస్తూ బ్రతికే విశాఖపట్నం వాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అటువంటి విశాఖపట్నం ఆయనే పాత కారు కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం తలుపు తీసి, మెత్తగా కూర్చొని, స్టీరింగు అటూ ఇటూ తిప్పి, ఒక పాట పెట్టించుకొని, “బాగున్నదండీ, ఎంతకిస్తారు?” అంటాడు. వంగి కింద చూడడానికి నామోషీ. బట్టలు మాస్తాయని భయం కూడానూ.

ఈమధ్య మా బావగారి వెంట నాలుగు ఆదివారాలు ఇదే పనిమీద తిరిగాను. ఆయన ఉక్కు కర్మాగారంలో ముప్ఫై యేళ్ళకు పైగా పనిచేసి విరమించారు. చేతికందిన సొమ్ములో ఇంటి అప్పు తీర్చగా, అమ్మాయి పెళ్ళికని వేరుగా ఉంచగా, కారుకు విడదీసింది 8 లక్షలు. జీతగాడు పొరపాటు బేరం చేస్తే రెండేళ్ళు పళ్ళు బిగించి మళ్ళీ కూడబెట్టుకోవచ్చు. విరమించినవారికి ఆ వెసులుబాటు లేదు. ఆ 8 లక్షలూ పోతే పోయినట్టే.

కారంటే హోండా సిటీయేనని మా అక్కయ్య పట్టు. 1998లో ఆ కారు మన దేశంలోకి వచ్చిన కొత్తలో వాళ్ళ కాలనీలో ఒక డాక్టరుగారు కొన్నారట. అప్పటినుంచీ అది ఆవిడ కళ్ళలో ఉండిపోయింది. ఆవిడ ఒక్కతే కాదు. ముందు ఇంజను, మధ్య మనుషులు, వెనక సామాను - ఇట్లా మూడు పెట్టెలుగా ఉండే కారంటే అంతకుముందు చాలాకాలం మన మధ్యతరగతికి ఎక్కువగా అంబాసిడరు, లేకపోతే ప్రీమియర్ పద్మిని. సిటీ వచ్చాక గదా, అటువంటి కారు చప్పుడు చేయకుండా కూడా నడుస్తుందని చాలామందికి తెలిసింది! 2006 బడ్జెటులో నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు సుంకం తగ్గించారు. దాంతో తోక కత్తిరించుకొన్న సెడాన్లు బోలెడు పుట్టుకొచ్చాయి. అవి చవకే గాని, డిక్కీలో మూడు పెట్టెలు పెడితే నాలుగోది ఒళ్ళో పెట్టుకోవాలి. 2014 నుంచి వచ్చిన సిటీ డిక్కీ 510 లీటర్లు. పెళ్ళికి వెళ్ళి వచ్చే సంసారానికి అది చాలు.

మరి కొత్తదే కొనరాదా అంటారేమో. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జి.ఎస్.టి. 18 శాతమైతే, నాలుగు మీటర్లు దాటిన వాటికి 40 శాతం. సిటీ నాలుగున్నర మీటర్ల బండి. షోరూము ధరే సుమారు 12 లక్షల దగ్గర మొదలు. జీవిత పన్నూ, బీమా కలిపితే దానిమీద మరో రెండు లక్షలు దాటుతుంది. బీమావారి లెక్కే చూడండి: నాలుగేళ్ళు దాటి అయిదో యేట పడిన కారు విలువలో 50 శాతం కోత కోస్తారు. ఆ కోత ఎవరో ఒకరు భరించాలి. మొదటి యజమాని భరించిన తరువాత మనం కొనుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు. కనుక మా గాలింపంతా ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న సిటీ కోసమే.

మొదటిది లాసన్స్‌బే కాలనీలో, సముద్రానికి ఎదురుగా ఉన్న మేడ కింద చూచాం. 2016 మోడలు. తిరిగింది 38 వేల కిలోమీటర్లు. అద్దంలో ముఖం చూసుకొన్నట్టు మెరిసిపోతున్నది. “ఒక్కరే వాడిన బండండీ, అసలు బయటికి తీయందే!” అన్నాడు బ్రోకరు. బావగారి ముఖం విప్పారింది. నేను వెంట తీసుకువెళ్ళిన మెకానిక్కు మాత్రం ఏమీ మాట్లాడకుండా డిక్కీలో చాప ఎత్తి, స్టెప్నీ టైరు బయటికి తీశాడు. దాని గుంతలో నాలుగైదు చోట్ల ఎర్రటి పొలుసులు. కిందికి దూరి టార్చి వేస్తే సైలెన్సరు జల్లెడైపోయింది. బ్రేకు నూనె పోయే సన్నగొట్టాలమీద కూడా తుప్పు గడ్డ కట్టింది. గొట్టం ఎక్కడ చిట్లుతుందో, ఏ ఘాట్‌రోడ్డు మలుపులో చిట్లుతుందో చెప్పగలిగే జ్యోతిష్కుడు లేడు.

బయటికి తీయని బండికి ఇంత తుప్పెందుకని బావగారి సందేహం. వానాకాలంలో వంటింట్లో ఉప్పుజాడీ చెమర్చడం చూచారు గదా! గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్ళు పీల్చి కరుగుతుంది. మన తీరంలో అంత తేమ లేని రోజులు తక్కువ. గాలి మోసుకొచ్చిన ఉప్పు రేకుమీద, అంచుల సందుల్లో కూర్చొంటుంది. వాన పడకపోయినా రాత్రంతా అక్కడ తడిగానే ఉంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది గనుక మంచినీటికంటే ఉప్పునీటిలో ఇనుము చాలా వేగంగా తుప్పు పడుతుంది. ఇక సైలెన్సరు సంగతి: కారును వారానికోసారి కూరల బజారుకు తీసి మళ్ళీ పెట్టేస్తే లోపల చేరిన తేమ ఆరేటంత వేడి దానికి ఎక్కనే ఎక్కదు. లోపలినుంచే తింటుంది. ఈ ఊళ్ళో నిలబెట్టిన కారు నడిచిన కారుకంటే త్వరగా ముసలిదవుతుందంటే అతిశయోక్తి కాదు. సముద్రం కనబడే వాటా మనిషికి భాగ్యమే గాని కారుకు కాదు. ఆర్.కె. బీచిలో ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామినే చూడండి. లోతు సముద్రాన్ని తట్టుకోవడానికి కట్టిన ఆ ఒంటికి కూడా ఒడ్డుగాలివల్ల తుప్పు మరమ్మతులు తప్పడం లేదు. కారు రేకు మందం మిల్లీమీటరుకు లోపే. (అన్నట్టు, ఆ రేకు మన ఊరిది కాదు. మన కర్మాగారం కడ్డీలకూ, తీగలకూ పేరు. కారు ఒంటికి కావలసిన పలచని రేకు ఇక్కడ తయారు కాదు. ముప్ఫై యేళ్ళు ఉక్కులో ఉన్న బావగారు ఈ మాట రెండుసార్లు చెప్పారు, తప్పు తమది కాదన్నట్టు.)

తీరంనుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి పోయేసరికి గాలిలో ఉప్పు బాగా పలచబడుతుంది. అందుచేత పాత కారు అమ్మేవారిని మొదట అడగవలసింది కిలోమీటర్లు కాదు, “రాత్రిపూట ఎక్కడ పెట్టేవారండీ?” అని.

రెండో కారు ఊరి చివర ఒక కన్సల్టెన్సీలో దొరికింది. 2018 మోడలు, పెట్రోలు బండి. మిగిలినవాళ్ళు అడిగేదానికంటే లక్షన్నర తక్కువ చెప్పారు. అద్దాలు దించి ఉంచారు. లోపల అగరొత్తుల వాసన. ఎండలో అద్దాలన్నీ ఎత్తించి పది నిమిషాలాగి తలుపు తీయమన్నాడు మెకానిక్కు. తీయగానే తడిసి ఆరని పరుపు వాసన గుప్పుమన్నది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూపించాడు. ఎవరూ అంతదాకా లాగరు గనుక కడిగినవాళ్ళు కూడా మరచిపోతారు. చివరి జానెడు మేర మట్టి మరక గీత గీసినట్టున్నది. ముందు సీట్ల కింద పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ బండి ఏ నీటిలో మునిగిందో మాకు తెలియదు, వారు చెప్పలేదు. 2015లో చెన్నై వరదలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సగం పేటలు మునగడం మనకు తెలిసినవే. మునిగిన కార్లన్నీ పాతసామాన్ల కొట్లకే పోయాయనుకోవడం అమాయకత్వం. ఇప్పటి కారులో సీట్ల కిందా, కాళ్ళ దగ్గరా ఉండేదంతా వైర్లే. నీరు తగిలిన వైరు ఆరు నెలలు పనిచేసి, ఏడో నెలలో నడిరోడ్డుమీద దీపాలు ఆర్పేస్తుంది. బీమా కంపెనీని అడిగితే ఆ కారుమీద పెద్ద క్లెయిము ఏదైనా ఉన్నదేమో బయటపడుతుంది. అమ్మేవారే ఆ కాగితం తెచ్చి ఇవ్వాలని పట్టుబట్టాలి. “మాకు అటువంటి అలవాటు లేదండీ” అన్నారు అక్కడ. మాకు కొనే అలవాటు లేదని చెప్పి లేచి వచ్చాం.

ఇంతలో మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. 2009 సిటీ ఒకటి రెండు లక్షల చిల్లరకు వస్తుందట, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకోవచ్చునట. ఇది విని కొంచెం గట్టిగానే వద్దన్నాను. 15 యేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి, 2022 ఏప్రిల్ నుంచి దాని రుసుమే 5 వేలు అన్నది చిన్న సంగతి. పెద్ద సంగతి వేరే ఉన్నది. అప్పటి కార్లలో చాలావాటికి తకాటా అనే జపాను కంపెనీ గాలిసంచులు అమర్చారు. ప్రమాదంలో సంచిని ఉబ్బించడానికి లోపల అమ్మోనియం నైట్రేటు మందు ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడీ తేమా తగిలితే ఆ మందు పాడవుతుంది. అప్పుడది సంచిని ఉబ్బించడానికి బదులు దాని లోహపు డబ్బానే పేల్చి, ముక్కలను నడిపేవారి గొంతుమీదికి విసురుతుంది. చిన్న దెబ్బకే ప్రాణం పోవచ్చు. 2014, 2016 సంవత్సరాల్లో మలేషియాలో ఇట్లా పోయిన ప్రాణాల్లో పాత హోండా సిటీలలో పోయినవే ఉన్నాయి. మలేషియా గాలి ఎట్లాంటిదో మన గాలీ అట్లాంటిదే. ప్రపంచమంతటా దాదాపు 10 కోట్ల గాలిసంచులను వెనక్కు పిలిచారు. తకాటా 2017లో దివాలా తీసింది. మన దేశంలో కూడా హోండావారు ఆ కాలపు కార్లను పిలిచి ఉచితంగా మార్చి ఇస్తున్నారు. కాని మూడు చేతులు మారిన కారు యజమానికి ఆ పిలుపు ఎక్కడ అందుతుంది? మీ ఇంట్లో 2014కు ముందటి సిటీ గాని, మరే హోండా గాని ఉంటే ఈ పత్రిక కింద పెట్టి, ఆర్.సి.లో ఉన్న చాసిస్ నంబరు తీసుకొని కంపెనీ సర్వీసు సెంటరులో అడగండి. రేపు అనుకోవద్దు.

మూడోది గోపాలపట్నంలో ఒక బడి పంతులుగారిది. 2017 మోడలు, 92 వేల కిలోమీటర్లు. ఆ అంకె వినగానే బావగారు సగం వెనక్కు తగ్గారు. చూపులకు కూడా అంతంత మాత్రమే. తలుపుమీద సైకిలు గీరిన గీత ఒకటి. బానెట్టుమీద పోపుగింజలంత గోధుమరంగు చుక్కలు. అది చూచి అక్కయ్య ముఖం చిట్లించింది. ఆ చుక్కలు లోపలి రేకు తుప్పు కాదు. రేవుకు, ఫ్యాక్టరీలకు దగ్గర్లో ఎగిరే సన్నటి ఇనుపరజను రంగుమీద పడి తుప్పు పట్టినవి. మందుతో కడిగితే పోతాయి. గోటితో తడిమితే రంగు ఉబ్బి ఉంటే భయపడాలి, నున్నగా ఉంటే అక్కరలేదు. పొడిగుడ్డతో మాత్రం తుడవకూడదు. ఆ రజను ఉప్పుకాగితంలా గీస్తుంది. ముందు నీళ్ళు పోయాలి.

దగ్గరి గ్యారేజీలో లిఫ్టుమీదికి ఎత్తించి చూచాం. అడుగంతా పొడిగా, నల్లటి పూతతో సహా ఉన్నది. తలుపుల కింది అంచుల్లో నీరు కారే రంధ్రాలు మూసుకుపోలేదు. సర్వీసు చీటీలన్నీ తేదీల వరుసన ఒక ఫైలులో కుట్టి ఉన్నాయి. పంతులుగారు గదా! ఉదయం చల్లారి ఉన్న ఇంజనునే మా ఎదుట స్టార్టు చేయించాం. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను అబద్ధం చెబుతుంది. ఆ తరువాత అయిదుగురం ఎక్కి, చల్లగాలి మిషను వేసి, సింహాచలం కొండకు పోనిచ్చాం. ఎక్కేటప్పుడు ఇంజను గోల పెరిగి బండి ముందుకు సాగకపోతే క్లచ్చి అరిగిందన్నమాట. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగు వణికితే బ్రేకు డిస్కులు వంకరపోయాయన్నమాట. రెండూ లేవు. స్వామివారి దర్శనం కూడా అయింది.

సిటీలో ఒక లోపం మాత్రం ఎంత మంచి బండైనా పోదు. నేలకూ దాని అడుగుకూ మధ్య 165 మిల్లీమీటర్లే ఎడం. అయిదుగురు కూర్చొంటే కాలనీ స్పీడు బ్రేకరు అడుగున గీరుకొంటుంది. గీరిన చోట పూత పోతుంది, పూత పోయిన చోట ఉప్పు చేరుతుంది. ఏడాదికోసారి, వానలు వెలిశాక, అడుగు కడిగించి పూత వేయించాలి. ఇంకొకటి, సీటు ఎత్తు తక్కువ. అక్కయ్య అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడను పంతులుగారింటికి ఆటోలో తీసుకువచ్చి మూడుసార్లు ఎక్కించి దించాం. చేత్తో తలుపు పిడి పట్టుకొని లేవగలిగింది గనుక సరిపోయింది. లేవలేకపోయి ఉంటే, ఎన్ని లక్షలు కలిసివచ్చినా ఆ ఇంటికి ఎత్తుకారే కొనమందును.

బేరం 6 లక్షల 40 వేలకు కుదిరింది. మిగిలిన దాంట్లో నాలుగు టైర్లూ, బ్యాటరీ, అడుగు పూత పోను లక్ష పైచిలుకు అట్టే పెట్టుకోమన్నాను. పాత కారు మొదటి ఏడాది ఏదో ఒకటి అడగక మానదు. కాగితాల విషయంలో 29, 30 నంబరు ఫారాలమీద సంతకాలు పెట్టించుకొని జేబులో వేసుకు తిరిగే ఆచారం మన ఊళ్ళో ఇంకా పోలేదు. పేరు మారనంతకాలం ఆ బండి గుద్దితే కోర్టుకు పోయేది పంతులుగారు. అందుకే సొమ్ములో 20 వేలు, పేరు మారిన తరువాత ఇచ్చేటట్టు ఒప్పుకొన్నాం. ఆ షరతు పెట్టింది కూడా ఆయనే. బ్యాంకు అప్పు తీరినట్టు 35వ నంబరు ఫారం, బీమా బదిలీ అదే వారంలో అయ్యాయి. ఫాస్టాగ్ బిళ్ళ ఒక్కటి మిగిలింది. అది పంతులుగారి ఖాతాకే అతికి ఉన్నది. మొన్న శ్రీకాకుళం వెళ్ళి వచ్చినప్పుడు టోలు డబ్బులు ఆయనకు కోతపడితే, బావగారు ఫోను చేసి పంపించారు. ఈ సోమవారం కొత్త బిళ్ళ వేయిస్తామన్నారు.