బడి తలుపులు తెరిస్తే, కడిగేదెవరు?

2021 నవంబరు 1న తమిళనాడులో 1 నుంచి 8 తరగతుల పిల్లలకు మళ్లీ బడులు తెరిచారు. కర్ణాటకలో 1 నుంచి 5 తరగతులు 2021 అక్టోబరు 25న మొదలయ్యాయి. మహారాష్ట్రలో 2021 అక్టోబరు 4 నుంచే పల్లెల్లో 5వ తరగతి, పట్టణాల్లో 8వ తరగతి మొదలుకొని పైవాళ్లు వెళ్లారు. ఒడిశాలో చిన్న తరగతుల మాట అప్పటికి తేలలేదు. 2020 మార్చిలో బళ్లు మూసేనాటికి ఒకటో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి మూడో తరగతికి వచ్చింది. నేర్చిన నాలుగు తెలుగు అక్షరాలూ మరిచిపోయిందని ఇంట్లో అవ్వలు బాధపడ్డారు.

అయినా పంపాలంటే భయమేసింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు టీకా వేయడం అప్పటికి మొదలుకాలేదు. ఆ భయం తీర్చడానికి ఎక్కడ చూసినా బెంచీల మీద మందు కొడుతున్న ఫొటోలే కనిపించాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పిన దాని ప్రకారం వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే జబ్బు వచ్చే అవకాశం 10 వేలలో ఒకటి కన్నా తక్కువ. ఎక్కువ ప్రమాదం మూసిన గదిలోని గాలితోనే. కాబట్టి మేము ముందు అడిగేది కిటికీల గురించి. అవి తెరుచుకుంటాయా? తుప్పుపట్టి బిగుసుకుపోయాయా?

అలాగని కడగడం వృథా అనడం లేదు. ఏడాదిన్నర వాడని నీళ్ల ట్యాంకులో పాచి ఉంటుంది, మరుగుదొడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కరోనా రాకపోయినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ట్యాంకు ఖాళీ చేసి కడగాలి, కుళాయి దగ్గర సబ్బు ఉండాలి. బ్లీచింగు కలిపిన నీళ్లతో తుడిచే పని పిల్లలు ఇంటికి వెళ్లాకే చేయాలి. దానితో పాటు మరుగుదొడ్లకు పోసే యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది. ఇక పిల్లల ఒంటి మీద మందు చల్లే తెలివి ఎవరికైనా పుడితే, మనుషుల మీద చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పిందని గుర్తు చేయండి.

ఈ పనులన్నీ ఎవరు చేయాలి? చాలా చిన్న బడుల్లో ఊడ్చే మనిషే లేరు. సమగ్ర శిక్షా కింద వంద లోపు పిల్లలున్న ప్రభుత్వ బడికి ఏటా వచ్చే గ్రాంటు 25 వేల రూపాయలు దాటదు. అందులో కనీసం పదో వంతు శుభ్రతకు పెట్టాలన్నది నియమం. అంటే 2,500 రూపాయలు. నెలకు లెక్కేస్తే సబ్బుకే చాలదు, మనిషి కూలి ఎక్కడ నుంచి వస్తుంది? చివరికి చీపురు టీచరు చేతికో, పిల్లల చేతికో వస్తుంది.

ఇక్కడే మన చిక్కు మొదలవుతుంది. తెలుగు సెక్షన్‌కు ఒకే టీచరున్న బడులు మనకు కొత్త కాదు. దూరం పాటించాలని పిల్లల్ని రెండు జట్లుగా విడదీస్తే ఆ ఒక్క మనిషే రెండు జట్లకూ చెప్పాలి, జ్వరాలు చూడాలి, కుళాయి దగ్గర కాపలా కాయాలి. కుదరదు గనుక తెలుగు పిల్లల్ని తాత్కాలికంగా పక్క సెక్షన్‌లో కూర్చోబెడదాం అంటారు. తాత్కాలికం ఎన్నేళ్లో మనకు తెలుసు.

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించాలంటుంది. దానికి వాడుకలో ఉన్న లెక్క బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది. పన్నెండు మంది ఉన్నచోట ముగ్గురు తల్లులు భయపడి టీసీ తీసుకుంటే ఆ లెక్క తప్పుతుంది. మరుగుదొడ్డి కంపు కొట్టడానికీ తెలుగు తరగతి మూతపడటానికీ సంబంధం ఇదే. ఆ తల్లులను తప్పుపట్టలేం, మేమైనా అదే చేస్తామేమో.

అందుకే మా మనవి. భయంగా ఉంటే కొన్నాళ్లు పంపకండి, కానీ పేరు మాత్రం తెలుగు రిజిస్టరులోంచి తీయించకండి. అంగీకార పత్రం అర్థంకాని భాషలో ఉంటే చదివించుకుని సంతకం పెట్టండి. విద్యాహక్కు చట్టం కింద ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. మన బడి కమిటీలో తెలుగు ఇళ్ల వాళ్లెందరున్నారో అడగండి. ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఊడ్చే మనిషిని పంచాయతీ ఇస్తుందా, మున్సిపాలిటీ ఇస్తుందా అన్నవి అర్జీగా రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.