పిల్లల గుట్టు వేరు, స్కూలు గుట్టు వేరు: గల్ఫ్ టీచర్ల కాంట్రాక్టుల్లో ఆ ఒక్క క్లాజు

దుబాయ్‌లోనో షార్జాలోనో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చిందనుకుందాం. మెయిల్‌లో కాంట్రాక్టు వస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న టీచర్ ముందుగా చూసేది జీతం, ఇంటి అద్దె, ఏడాదికోసారి విమానం టికెట్టు, సొంత పిల్లల ఫీజులో రాయితీ. చివరి పేజీల్లో ఉండే గోప్యత క్లాజు మీద చూపు ఆగదు. ఆగినా, అందరికీ ఉండేదే కదా అనుకుని సంతకం పెట్టేస్తారు.

ఇలాంటి క్లాజులు సాధారణంగా ఒక పెద్ద జాబితాలా ఉంటాయి. విద్యార్థుల వివరాలు, ప్రశ్నపత్రాలు, పాఠ్యసామగ్రి, జీతభత్యాలు, యాజమాన్యం నిర్ణయాలు, స్కూలు ప్రతిష్ఠకు భంగం కలిగించే ఏ సమాచారమైనా బయట చెప్పకూడదు. ఉద్యోగం మానేశాక కూడా చెప్పకూడదు.

ఇక్కడే రెండు వేర్వేరు విషయాలు ఒకే తాడుకు కట్టేసి ఉన్నాయి. ఒక విద్యార్థి ఆరోగ్య సమస్య, ఇంట్లో గొడవలు, మార్కులు, ఫొటోలు బయటకు పొక్కకూడదు. ప్రశ్నపత్రం లీకవకూడదు. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ జీతం రెండు నెలలు ఆలస్యమైతే, క్లాసులో పిల్లాడిని కొడితే, ఒక సీనియర్ తోటి ఉద్యోగిని వేధిస్తే అవి కూడా 'స్కూలు రహస్యాలే' అవుతాయా? క్లాజు భాష చూస్తే అవుననిపిస్తుంది. చట్టం మాత్రం అలా అనడం లేదు.

చట్టం గీసిన గీత

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు వర్తించే ప్రస్తుత కార్మిక చట్టం 2021లో వచ్చిన 33వ నంబరు డిక్రీ. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. పనిలో తెలిసిన రహస్యాలను కాపాడటం ఉద్యోగి బాధ్యతేనని అందులోని 16వ ఆర్టికల్ చెబుతోంది. అయితే రహస్యం బయటపెట్టారని నోటీసు లేకుండా తొలగించాలంటే, 44వ ఆర్టికల్ ప్రకారం అది సంస్థ పారిశ్రామిక లేదా మేధో హక్కులకు సంబంధించినదై ఉండాలి. దానివల్ల యజమానికి నష్టమో, ఉద్యోగికి సొంత లాభమో జరిగి ఉండాలి. జీతం అందలేదని కార్మిక శాఖకు చెప్పుకోవడం ఈ కోవలోకి రాదు. పైగా ఉద్యోగి చేసిన తీవ్రమైన ఫిర్యాదు నిజమని తేలితే, ఆ ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసేయడం అక్రమమని 47వ ఆర్టికల్ అంటోంది. దానికి గరిష్ఠంగా మూడు నెలల జీతం వరకు పరిహారం కూడా ఉంది.

పిల్లల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 'వదీమా చట్టం'గా పిలిచే 2016 నాటి బాలల హక్కుల చట్టం ప్రకారం, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిస్తే సంబంధిత అధికారులకు చెప్పడం టీచర్ల బాధ్యత. అంటే క్లాజు 'నోరు విప్పవద్దు' అంటున్నచోట చట్టం 'విప్పి తీరాలి' అంటోంది. కాంట్రాక్టు చదివే టీచర్‌కు మాత్రం మొదటి మాటే కనిపిస్తుంది.

మరి భయం ఎందుకు?

భయానికి కారణాలున్నాయి. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి కొంత గడువే ఉంటుంది. పిల్లలు అదే స్కూల్లో చదువుతుంటే ఇంటిల్లిపాదీ కదలాలి.

రెండో కారణం సైబర్ చట్టం. ఆన్‌లైన్‌లో ఎవరినైనా దూషించినా, పరువు తీసే మాట అన్నా జైలు గానీ, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడే వీలు 2021 నాటి 34వ డిక్రీలో ఉంది. కోపంలో వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ కూడా కేసు కావచ్చు. అందుకే తేడా తెలియాలి. అధికారులకు చేసే ఫిర్యాదు వేరు, సోషల్ మీడియా పోస్టు వేరు. క్లాజు భయంతో మొదటిది మానేసినవాళ్లు, ఓపిక నశించాక రెండోది చేసి చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

బ్రిటన్ ఈ చిక్కును ఒక్క వాక్యంతో తేల్చింది. ప్రజాహితం కోసం చట్టబద్ధంగా విషయం బయటపెట్టే ఉద్యోగిని అడ్డుకునే ఒప్పందం ఏదైనా ఆ మేరకు చెల్లదని 1998లోనే చట్టంలో చేర్చింది. ఎమిరేట్స్ కార్మిక చట్టంలో అంత సూటి మాట లేదు. అందుకే కాంట్రాక్టులో ఏం రాసుకున్నామన్నది అక్కడ మరింత ముఖ్యమవుతుంది.

మన వైపు ఖాళీ

మన 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టుదారులకు ప్రభుత్వ అనుమతి కావాలి. అప్పుడు కాంట్రాక్టును ఒక అధికారి చూస్తారు. పదో తరగతి పాసైనవారికి ఆ అవసరం లేదు. నర్సులు చదువుకున్నవారే అయినా, మోసాలు పెరగడంతో 2015లో వారిని ఈ అనుమతి పరిధిలోకి తెచ్చారు. టీచర్లను తేలేదు. చదువుకున్నవాళ్లు తమ సంగతి తాము చూసుకోగలరన్నది ఇందులోని ఊహ. వేలాది కిలోమీటర్ల దూరంలో, ఒకే స్పాన్సర్ చేతిలో వీసా ఉన్నప్పుడు డిగ్రీ ఏపాటి రక్షణ ఇస్తుంది?

ఈ చట్టం స్థానంలో తేదలచిన కొత్త బిల్లు ముసాయిదాను విదేశాంగ శాఖ 2025లో ప్రజాభిప్రాయానికి పెట్టింది. టీచర్ల మాట చెప్పడానికి ఇదే సమయం. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ వంటి విదేశీ ఉపాధి సంస్థలున్నాయి. ఒక నమూనా గోప్యత క్లాజు తయారుచేసి అభ్యర్థుల చేతిలో పెట్టడానికి వాటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ఆ క్లాజులో ఉండాల్సింది ఒక్క అదనపు వాక్యం: ప్రభుత్వ అధికారులకు, కోర్టుకు, లాయర్‌కు, భారత రాయబార కార్యాలయానికి చెప్పేవి, పిల్లల భద్రత గురించి చేసే ఫిర్యాదులు ఈ గోప్యత కిందికి రావు. సంతకానికి ముందే ఆ వాక్యం చేర్చమని మెయిల్‌లో అడగండి. ఒంటరిగా అడిగే టీచర్‌కు బలం తక్కువే, ఆఫర్ చేజారుతుందన్న భయమూ సహజమే. అయినా స్కూలు ఇచ్చే జవాబు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అక్కడ రేపు ఎలా ఉండబోతోందో జీతం అంకె కన్నా బాగా చెబుతుంది.